స్మృతి తొలగినను తొలగని ధర్మము: వృద్ధమాతాపితల సంరక్షణ – ఒక చారిత్రక పరిశీలనము

అర్చకుని యొద్దకు జనులు దేవుని కొరకే కాక, ఇంట చెప్పుకొనలేని బాధలను చెప్పుకొనుటకును వత్తురు. ఇటీవలి సంవత్సరములలో మూడు ప్రశ్నలు తరచుగా వినవచ్చుచున్నవి. మొదటిది: "మా నాన్నగారు నన్ను గుర్తింపరు, నేను చేయు సేవ ఆయనకు తెలియనే తెలియదు; తెలియని సేవకు ఫలమేమి?" రెండవది: "కోపము వలన స్మృతి చెడునని గీతలో ఉన్నది గదా, ఇది వారి కోపమునకు వచ్చిన ఫలమా?" మూడవది, అన్నింటికంటె బరువైనది: "అంత్యకాలమున భగవన్నామము తలచుకొనలేని మా అమ్మకు గతి యేమి?"

ఈ ప్రశ్నలకు సమాధానము ఓదార్పు మాటలలో కాక, మన పూర్వులు బుద్ధి చెదరిన వృద్ధుల విషయమున ఏమి విధించిరి, ఏమి ఆచరించిరి అను చరిత్రలో వెదకుట యుక్తమని నా అభిప్రాయము.

చాదస్తమను పేరు

తెలుగునాట ఈ స్థితికి చిరకాలముగా ఉన్న పేరు "చాదస్తము". ఈ పదము ఛందస్సునకు, అనగా వేదమునకు సంబంధించిన "ఛాందస" శబ్దము నుండి పుట్టినది. వల్లించినదే వల్లించు వేదాధ్యాయిని సూచించిన మాట, కాలక్రమమున చెప్పినదే చెప్పు వృద్ధునికి పేరైనది. వేదము చదువుకొన్న మాకు ఇందులో ఒక చిన్న హెచ్చరిక కలదు: ఒకని నిష్ఠ మరియొకనికి హాస్యాస్పదమగుటకు ఎంతో కాలము పట్టదు.

చాదస్తమని నవ్వి ఊరకుండుట వలన కలిగిన నష్టము స్వల్పము కాదు. నేడు వైద్యులు డిమెన్షియా అనుచున్నది వార్ధక్యమున సహజముగా కలుగు మతిమరుపు కాదు. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో మరచుట వార్ధక్యము. ఆ తాళపుచెవి ఏమిటికో మరచుట వ్యాధి. స్మృతి, వివేచన, భాష, నిత్యకృత్యములు క్రమముగా లోపించు ఈ స్థితికి మెదడునకు సంబంధించిన అనేక వ్యాధులు కారణములు. వానిలో ఆల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది. మెదడునకు రక్తప్రసారము తగ్గుట మరియొక ముఖ్యకారణము. దేశవ్యాప్తముగా జరిగిన ఒక పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా దాదాపు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు.

పూర్వము ఇంతమంది లేరు. స్వాతంత్ర్యము వచ్చునాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడది సుమారు 70. నూరేండ్లు జీవింపుమని తరతరములుగా ఆశీర్వదించుచు వచ్చితిమి. ఆ ఆశీర్వచనము ఫలించుచున్నకొలది, దానితోడి బాధ్యతయు మన గడపలోనికి వచ్చినది.

ఆయుర్వేదమేమి చూచినది?

ప్రాచీనులకు ఆల్జీమర్స్ వ్యాధి తెలియునని చెప్పుట సత్యము కాదు. అట్టి ప్రగల్భములు శాస్త్రమునకు గౌరవము తేవు. వారికి తెలిసినదేదో దానిని యథాతథముగా గ్రహించిన చాలును.

శార్ఙ్గధరసంహిత మనుష్యుని ఆయువును దశకములుగా విభజించి, ఒక్కొక్క దశకమున ఒక్కొక్కటి క్షీణించునని చెప్పుచు, బుద్ధిక్షయమును తొమ్మిదవ దశకమున ఉంచినది. చరకసంహిత నిదానస్థానము ఏడవ అధ్యాయమున ఉన్మాదమును నిర్వచించుచు ఎనిమిది విషయములలో కలుగు విభ్రమమును పేర్కొన్నది: మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము. ఈ ఉన్మాదలక్షణము డిమెన్షియాతో సరిగా సరిపోదు. అయినను ఆ పట్టికలోని చివరి నాలుగింటిని గమనింపుడు. భక్తి యనగా ఇక్కడ ఇష్టము, అనురాగము. అనురాగము మారుట, స్వభావము మారుట, ప్రవర్తన మారుట, శౌచాచారములు తప్పుట, ఇవన్నియు వ్యాధిలక్షణములే యని వైద్యశాస్త్రము రెండువేల సంవత్సరములకు తక్కువ కాని కాలము నుండి చెప్పుచున్నది.

ఇది గ్రహించినచో గృహములో సగము దుఃఖము తగ్గును. జీవితమంతయు మడి పాటించిన తల్లి నేడు స్నానము చేయనని మొరాయించుట మొండితనము కాదు. ఎన్నడును పరుషముగా మాటాడని తండ్రి, కోడలు తన ధనమును దొంగిలించినదని నింద మోపుట దుర్గుణము కాదు. వ్యాధి పలికించిన మాటను వ్యక్తి పలికిన మాటగా గ్రహించి మనస్సు కష్టపెట్టుకొనుట ఇరువురకును అన్యాయము.

ధర్మశాస్త్రము: అధికారము వేరు, భరణము వేరు

చరిత్రదృష్టితో చూచినచో అత్యంత స్పష్టమైన సమాధానము వ్యవహారకాండలో లభించుచున్నది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమునను, యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునను ఉన్మత్తులు, జడులు, అంధులు మున్నగువారికి దాయభాగము లేదని చెప్పబడినది. ఈ విధి నేటి మనస్సునకు కఠినముగా తోచును. దానిని దాచుట అనవసరము. కాని ఆ రెండు స్మృతులును అక్కడనే మరియొక విధిని చేర్చినవి: భాగము లేనివారికి అన్నవస్త్రములు యావజ్జీవము ఈయవలెను. ఈయనివాడు పతితుడగునని మనువు తీర్పు.

కళ్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర ఈ విషయమును మరింత సూక్ష్మముగా విచారించినది. విభాగము జరిగిన పిమ్మట బుద్ధివైకల్యము కలిగినచో, అంతకు ముందు పొందిన భాగమును అపహరింపరాదు. ఔషధముచేత వైకల్యము తొలగినచో భాగము మరల లభించును. అనగా వైకల్యమును పాపమునకు గుర్తుగా కాక, తొలగుటకు అవకాశమున్న ఒక స్థితిగా ఆ వ్యాఖ్యాత చూచెను.

తండ్రికే మతి చెదరినచో నేమి? ఈ ప్రశ్నయు శాస్త్రమునకు క్రొత్తది కాదు. తండ్రి వృద్ధుడై, చిత్తము విపరీతమై, దీర్ఘరోగియైనచో ఆయన ఇచ్ఛ లేకున్నను ఆస్తివిభాగము జరుగవచ్చునని శంఖుని వచనమును మితాక్షర ఉదహరించినది. వ్యాధిగ్రస్తుడైన తండ్రికి విభాగమున ప్రభుత్వము లేదని నారదుడును చెప్పెను. పదమూడవ శతాబ్దమున కేతన ఈ మితాక్షరను ఆధారము చేసికొని "విజ్ఞానేశ్వరీయము" అను పద్యకృతిని తెలుగున రచించెను. ధర్మశాస్త్రవిషయము సామాన్య గృహస్థునకు మాతృభాషలో అందిన తొలిదినములవి.

ఇందుండి తేలిన సూత్రమొక్కటి. చిత్తము చెదరిన తండ్రి యొక్క అధికారము తొలగవచ్చును. ఆయనకు చేయవలసిన ఆదరణ తొలగదు. సంతకము చేయు శక్తి పోయినంత మాత్రమున అన్నము పొందు హక్కు పోదు. వృద్ధమాతాపితలను పోషించుటకు చేయరాని పనులు నూరు చేసియైనను వెనుదీయవలదని చెప్పు శ్లోకము మనువు పేరిట నిబంధకారులలో ప్రసిద్ధము. దానిలోని అతిశయోక్తి పాపమునకు అనుమతి కాదు. భరణధర్మము ఎంత అనివార్యమో తెలుపుటకు చేసిన సూచన.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో తల్లిని, తండ్రిని దైవముగా చూడుమను ఉపదేశమును అందరు నెరుగుదురు. అది విద్య ముగించి గృహస్థాశ్రమమునకు పోవు శిష్యునికి గురువు చేసిన అనుశాసనము. అందు ఏ షరతును లేదు. నిన్ను గుర్తించు తల్లిని అని గాని, నిన్ను ప్రేమించు తండ్రిని అని గాని గురువు చెప్పలేదు. దేవాలయమున మూలవిరాట్టు మనలను పేరు పెట్టి పిలువడు. అయినను మనము నిత్యము అభిషేకము చేయుచున్నాము, వస్త్రము కట్టుచున్నాము, నివేదన చేయుచున్నాము. తిరిగి పలుకని దైవమునకు ఉపచారము చేయుట మనకు అలవాటైన విద్యయే గదా! మొదటి ప్రశ్నకు ఇదియే సమాధానము.

ధర్మవ్యాధుని ఇల్లు

మహాభారతము ఆరణ్యపర్వమున కౌశికుడను బ్రాహ్మణుని కథ కలదు. వేదాధ్యయనసంపన్నుడైన అతడు, తనపై రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో చంపెను. ఒక పతివ్రత అతని గర్వమును గ్రహించి, ధర్మము తెలిసికొనుటకు మిథిలానగరమున మాంసము విక్రయించు ధర్మవ్యాధుని యొద్దకు పంపెను. వ్యాధుడు ఎన్నో ధర్మసూక్ష్మములను ఉపదేశించి, చివరకు తన ఇంటిలోనికి కొనిపోయి, భోజనము చేసి సుఖముగా ఆసీనులైన తన వృద్ధమాతాపితలను చూపెను. తనకు దేవతలు వీరేయనియు, భార్యాపుత్రులతో కూడ వీరిని సేవించుటయే తన తపస్సనియు చెప్పెను.

కథ అక్కడ ఆగలేదు. కౌశికుడు తల్లిదండ్రుల అనుమతి లేకయే వేదాధ్యయనమునకై ఇల్లు విడిచి వచ్చెననియు, ఆ దుఃఖమున వారు అంధులైరనియు తెలిపి, వెంటనే పోయి వారిని ప్రసన్నులను చేసికొనుమని వ్యాధుడు ఆజ్ఞాపించెను. వేదము చదివినవాడు మాంసవిక్రేత మాట విని ఇల్లు చేరెను. వైదికవిద్యాభ్యాసము చేసిన మాబోటివారు ఈ ఘట్టమును మరల మరల చదువుకొనవలెను. తల్లిదండ్రులను విడిచి చేసిన అధ్యయనమును భారతము అసంపూర్ణమనియే తీర్చినది.

పండరిపురమున విఠలుడు ఇటుకపై నిలిచియుండుటకు చెప్పు కథయు ఇట్టిదే. తల్లిదండ్రుల సేవలో నున్న పుండలీకుడు, వాకిట వచ్చిన స్వామిని ఒక ఇటుక వేసి నిలువుమనెను. స్వామి నిలిచెను, నేటికిని నిలిచియే ఉన్నాడు. సేవలోనున్న వేళ జపము తప్పినదని, ఆలయమునకు పోలేకపోతినని బాధపడువారు ఆ మూర్తిని తలచుకొనిన చాలును. నడుముపై చేతులుంచుకొని వేచియున్నవాడు దైవమే.

ఫ్రాంక్‌ఫర్ట్ నుండి మన న్యాయస్థానముల వరకు

ఇక ఆధునిక చరిత్ర. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక వైద్యాలయమునకు 51 ఏండ్ల అగస్టె డీటర్ అను స్త్రీని తీసికొనివచ్చిరి. భర్త రైల్వే ఉద్యోగి. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్. భర్త పేరు అడిగినను ఆమె తన పేరే చెప్పెను; తన్ను తాను పోగొట్టుకొంటినని ఆమె పలుకుచుండెడిదని ఆ కాలపు వ్రాతలు తెలుపుచున్నవి. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించెను. ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, కణముల నడుమ ఏర్పడిన పేరుకొనుళ్ళను, కణముల లోపలి చిక్కుముడులను గుర్తించి, ఆ వైద్యుడు 1906 నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ సభలో విన్నవించెను. 1910లో క్రేపెలిన్ తన వైద్యగ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను.

ఆ పిమ్మటను చాలకాలము ఆ పేరు నడివయసున వచ్చు వ్యాధికే పరిమితమయ్యెను. డెబ్బది, ఎనుబది ఏండ్ల వారి బుద్ధిలోపమును పాశ్చాత్యులును వయోధర్మమనియే తలచి ఊరకుండిరి. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అను అమెరికా వైద్యుడు ఈ రెండును ఒకటేయని వాదించిన పిమ్మటనే ప్రపంచదృష్టి మారినది. చాదస్తమని త్రోసిపుచ్చుట మన ఒక్కరి దోషము కాదన్నమాట. మన దేశమున 1992లో కేరళలో ఈ వ్యాధిగ్రస్తుల కొరకు ఒక సంఘము ఏర్పడి, పిమ్మట ఇతర నగరములకు విస్తరించినది.

న్యాయశాస్త్రమును మారినది. 1928 నాటి శాసనము దాయభాగమునకు ఉన్న అనర్హతలలో చాలవానిని తొలగించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వ్యాధి గాని, అంగవైకల్యము గాని వారసత్వమునకు అడ్డు కాదని స్పష్టపరచినది. అదే సంవత్సరపు దత్తత, పోషణ చట్టము వృద్ధులైన, అశక్తులైన తల్లిదండ్రుల పోషణభారమును కుమారులపైనను, కుమార్తెలపైనను ఉంచినది. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము మరియొక అడుగు వేసినది. చూచుకొందురను షరతుపై వృద్ధులు ఆస్తిని వ్రాసి ఇచ్చినచో, ఆ షరతు తప్పినప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. సంరక్షణలో నున్న వృద్ధుని విడిచిపెట్టినవానికి మూడు నెలల వరకు కారాగారము గాని, అయిదువేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

దాయమున అనర్హతలు పోయినవి, భరణము నిలిచినది. రెండువేల సంవత్సరముల వ్యవహారచరిత్రలో ఏది కాలముతో పోవునదియో, ఏది నిలుచునదియో ఇచ్చట తెలియుచున్నది. అయినను, మతి తప్పిన తండ్రి చేత వ్రేలిముద్ర వేయించుకొని, మరునాటి నుండి ఆయన గదిలోనికి తొంగిచూడని కుమారులు నేటికిని కలరు. అట్టివారే పదునొకండవ దినమున దానములు ఘనముగా చేయింతురు. పితృకార్యము చేయించువానిగా ఒక మాట చెప్పుట నా బాధ్యత: జీవించియున్నప్పుడు పెట్టని అన్నమునకు పిండము ప్రత్యామ్నాయము కాదు.

గీతలోని స్మృతివిభ్రమము

రెండవ ప్రశ్నకు వత్తము. గీత రెండవ అధ్యాయమున సంగము నుండి కామము, కామము నుండి క్రోధము, క్రోధము నుండి సమ్మోహము, దాని నుండి స్మృతివిభ్రమము, దాని నుండి బుద్ధినాశము కలుగునని యొక శృంఖల చెప్పబడినది. దీనిని పట్టుకొని డిమెన్షియా కోపిష్ఠులకు వచ్చు ఫలమని చెప్పువారు భాష్యము చూడనివారు. అక్కడ స్మృతి యనగా శాస్త్రాచార్యోపదేశముల వలన ఏర్పడిన సంస్కారము నుండి కలుగు స్మృతియని శంకరభగవత్పాదులు వివరించిరి. కోపము వచ్చినవాడు ఆ క్షణమున కార్యాకార్యవివేకమును మరచునని దాని భావము. మెదడులోని కణములు నశించుటకును, దీనికిని సంబంధము లేదు. వ్యాధిగ్రస్తురాలిని నేరస్థురాలిని చేయుటకు గీతను సాధనముగా వాడరాదు.

సంస్కారము మిగులును

స్మృతియనగా నేమి? సంస్కారమాత్రము నుండి పుట్టు జ్ఞానమే స్మృతియని పదునేడవ శతాబ్దపు ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున నిర్వచించెను. సంస్కారమున్నను దానిని మేల్కొలుపు నిమిత్తము కావలెను. గౌతముని న్యాయసూత్రములు మూడవ అధ్యాయమున అట్టి నిమిత్తములను వరుసగా పేర్కొన్నవి; ఏకాగ్రత, అభ్యాసము, చిహ్నము, సాదృశ్యము మున్నగునవి అందు కలవు.

మా అమ్మగారికి ఎనుబది దాటినవి. నన్ను ఏనాడో పరమపదించిన తన సహోదరుడనుకొని "అన్నయ్యా" అని పిలుచును. ఏ వారమో, ఏ మాసమో తెలియదు. కాని దూదిపింజ చేతికి ఇచ్చినచో, పూర్వమువలెనే సమానమైన పొడవున దీపపు వత్తులు చేయును. మంగళహారతి పాట మొదటి మాట అందించినచో తక్కినది తానే పాడును. పేర్లను, తేదీలను దాచుకొను స్మృతి ముందుగా పోవుననియు, చేతులకు, గొంతునకు అభ్యాసమైనది చాలకాలము నిలుచుననియు నేటి వైద్యులు చెప్పుదురు. అభ్యాసమను నిమిత్తమును గౌతముడు వేరుగా లెక్కించుటకు అర్థము నాకు ఆ వత్తులలో కనబడుచున్నది. కనుక పోయినదానిని పరీక్షించి వారిని అలసట పెట్టుటకంటె, మిగిలినదానిని ప్రతిదినము చేతికి అందించుట మేలు. "నేనెవరో చెప్పుము" అను ప్రశ్న ప్రేమతో అడిగినను పరీక్షయే.

ఇక్కడ సత్యమును గూర్చిన యొక ధర్మసంకటము కలదు. లేనివాడైన అన్నగారు ఎప్పుడు వచ్చునని ఆమె అడిగినచో ఏమి చెప్పవలెను? మరణవార్త చెప్పినచో, ప్రతిసారియు అప్పుడే విన్నట్లు దుఃఖించును. వచ్చుచున్నాడనినచో అసత్యము. అప్రియమైన సత్యము పలుకవలదనియు, ప్రియమైన అసత్యమును పలుకవలదనియు మనువు రెండు వైపులను కట్టివేసెను. యోగసూత్రములపై వ్యాసభాష్యము, వాక్కు భూతహితము కొరకే ప్రవర్తింపవలెననియు, హింసించు సత్యము సత్యాభాసమే యనియు చెప్పినది. ఈ రెండింటి నడుమ ఒక మార్గము కలదు. "మామయ్య నీకు చిన్నప్పుడు ఏమి తెచ్చిపెట్టెడివాడమ్మా?" అని అడిగిన చాలును, ఆమె చెప్పును, శాంతించును. సాయంసంధ్య వేళ "ఇంటికి పోదము" అని లేచినప్పుడు, ఇదే మన ఇల్లని వాదింపక, చేయి పట్టుకొని ప్రదక్షిణముగా నాలుగడుగులు వేయించి తీసికొనివత్తుము.

మనుస్మృతి నాలుగవ అధ్యాయమున, ఎవరితో వివాదపడరాదో చెప్పు పట్టికలో తల్లిదండ్రులు, వృద్ధులు, రోగులు ముగ్గురును ఉన్నారు. మతి తప్పిన తల్లి ఈ మూడింటిలోనికిని వచ్చును. ఆమెతో వాదింపకుండుటకు మూడు విధుల బలము కలదు.

అంత్యస్మృతి

మూడవ ప్రశ్న మిగిలినది. అంత్యకాలమున దేనిని స్మరించునో దానినే పొందునని గీత ఎనిమిదవ అధ్యాయము చెప్పుచున్నది. మరి స్మరింపలేనివారి గతి? ఆ శ్లోకములోనే, జీవితమంతయు చేసిన భావనయే ఆ స్మరణకు హేతువని కలదు. పునాది పడినది చివరి నిమిషమున కాదు.

దీనికంటె ధైర్యమిచ్చునది వరాహపురాణమునకు చెందినదిగా శ్రీవైష్ణవసంప్రదాయము ఆదరించు వరాహచరమశ్లోకము. భూదేవికి వరాహస్వామి చేసిన ప్రతిజ్ఞ అది. మనస్సు స్వస్థముగా ఉన్న దినములలో తన్ను తలచిన భక్తుడు, చివరిదశలో రాయివలె, కొయ్యవలె చేష్టలుడిగి తలచుకొనలేకపోయినను, తానే అతనిని తలచి పరమపదమునకు చేర్చుదునని స్వామి మాట ఇచ్చెను. వేదాంతదేశికులు (1268–1369) దీనిపై రహస్యశిఖామణి యను గ్రంథమే రచించిరి. తిరుమలలో తొలిపూజ, తొలినైవేద్యము ఆ వరాహస్వామికే.

ఈ ప్రతిజ్ఞలో స్మరణభారము ఎవరిపై నిలిచినదో చూడుడు. భక్తుడు మరచినప్పుడు ఆ భారమును భగవంతుడు స్వీకరించెను. అట్లే, తల్లి మరచినప్పుడు ఆ భారము సంతానముది. ఆమె పేరు, ఆమె రుచులు, ఆమె వ్రతములు, ఆమె నవ్విన సంగతులు ఇక ఆమె జ్ఞాపకము పెట్టుకొననక్కర లేదు, మనము పెట్టుకొందము.

సేవ ఎవరు చేయవలెను?

స్మృతులు పుత్రునికి విధించిన సేవను, చరిత్రలో నిజముగా చేసినవారు ఎక్కువగా కోడండ్రు, కుమార్తెలు, వితంతువులు. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. 2007 నాటి చట్టములోని సంతానమను నిర్వచనమున కుమారుడు, కుమార్తె, మనుమడు, మనుమరాలు ఉన్నారు; కోడలు లేదు. చట్టము పేరెత్తని ఆమెయే అనేక గృహములలో రేయింబవళ్ళు మేల్కొనియున్నది. విదేశములలో నున్న కుమారులు ధనము పంపి ఋణము తీరినదనుకొనుట తగదు. ఏటేట కొన్ని వారములైనను వచ్చి, ఆ భారమును తమ భుజములపైకి తీసికొని, ఆమెకు విశ్రాంతి ఈయవలెను. ధర్మవ్యాధుడు భార్యాపుత్రులతో కలసి సేవించెనే గాని, భార్యకు అప్పగించి తాను దుకాణమున కూర్చుండలేదు.

మొదట వైద్యుని చూపింపుడు. బి12 విటమిన్ లోపము, థైరాయిడ్ మాంద్యము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము కూడ మతిమరుపును కలిగించును. వీనిని చాలవరకు సరిచేయవచ్చును. బి12 లోపము శాకాహారుల గృహములలో తరచుగా కనబడునది. నిజముగా డిమెన్షియాయే యైనచో, సంపూర్ణముగా నయము చేయుదుమని ధనము గుంజువారిని నమ్మవలదు. అట్టి మందు నేటికి లేదు. సహాయకుల నియోగించుకొనుట గాని, పగటి సంరక్షణ కేంద్రమునకు పంపుట గాని అధర్మము కాదు. విడిచిపెట్టుట మాత్రమే అధర్మము. వృద్ధుల సహాయమునకై ప్రభుత్వము నడుపు 14567 అను దూరవాణి సంఖ్య కలదు, అడుగుటకు సంకోచింపవలదు. సేవించువారు రోగగ్రస్తులైనచో సేవయే ఆగును గనుక, వారి నిద్రాహారములను కాపాడుట కూడ ఆ సేవలో భాగమే.

బృహదారణ్యకము సుషుప్తిని వర్ణించుచు, అక్కడ తండ్రి తండ్రి కాడు, తల్లి తల్లి కాదని చెప్పినది. సంబంధజ్ఞానము లేనిచోటను ఆత్మ నశింపలేదని దాని తాత్పర్యము. ఈ వ్యాధి సుషుప్తివంటి విశ్రాంతి కాదు; ఇది బాధ. అయినను సంబంధము ఆమె జ్ఞానమున లేకపోవచ్చును గాని, మన ధర్మమున ఉన్నది. ఒక చివర వదలినను రెండవ చివర పట్టుకొనియున్నంత కాలము త్రాడు తెగినట్లు కాదు.

స్వస్తి.